గురక మెషిన్ మార్చిన వేసవి

స్కూలుకు వేసవి సెలవులు ఇచ్చిన వారంలోనే ఒక పొద్దున నా మంచం పక్కనున్న మెషిన్ తెర మీద ఎప్పుడూ చూడని మాట ఒకటి కనబడింది. మోటారు ఆయుష్షు దాటిపోయిందనీ, అమ్మినవాళ్ళను కలవమనీ ఇంగ్లీషులో రెండు ముక్కలు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివాను. మీట నొక్కితే ఆ మాట మాయమైంది. గాలి మాత్రం ఎప్పటిలాగే వచ్చింది.

నాకు నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉంటుంది. గొంతు వెనక కండ వదులై గాలి దారి మూసుకుపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్ళీ నిద్ర, మళ్ళీ మూసుకుపోవడం. స్లీప్ ఆప్నియా అంటారు దాన్ని. ముక్కునూ నోటినీ కప్పే మాస్కు, దానికొక గొట్టం, గొట్టం చివర గాలిని నెట్టే చిన్న పెట్టె. ఇవి లేకుండా నేను పడుకుని చాలా ఏళ్ళయింది. తీర్థయాత్రలకు వెళ్ళినా, పెళ్ళిళ్ళకు వెళ్ళినా బట్టల సంచీ కంటే ముందు అదే సర్దుకునేదాన్ని.

మెల్‌బోర్న్‌కి ఇవతల వెర్రిబీలో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఒక్కతే కూతురు, అడిలైడ్ దగ్గర మాసన్ లేక్స్‌లో, యూనివర్సిటీలో పనిచేస్తుంది. ఆ సాయంత్రం ఫోన్లో దానికి మెషిన్ సంగతి చెప్పాను.

“అమ్మా, ఇట్స్ ఓల్డ్. జస్ట్ గెట్ అ న్యూ వన్,” అంది.

“పనిచేస్తూనే ఉందే. గాలి బాగానే వస్తోంది.”

“మధ్యలో ఆగిపోతే? యూ లివ్ అలోన్.”

ఆ మాట అనేశాక అదే మాట మార్చింది. తర్వాత ఇద్దరం అక్కడి ఎండల గురించి మాట్లాడుకున్నాం.

ఫ్రిజ్ పాడైతే మార్చాను. కారు మార్చాను. ఈ పెట్టెను మార్చడానికి మాత్రం కాళ్ళు రాలేదు. సంగతి తెలియాలంటే ఇది మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి.

మగవాడి గురకను ఇంట్లో నవ్వుకుంటూ, కాస్త గొప్పగా కూడా చెప్పుకుంటారు. ఆడదానికి గురక ఉందంటే అది గుట్టుగా దాచుకోవలసిన విషయమే. నాకు ఉన్నట్టు నాకే తెలియదు. ఒకసారి సిడ్నీలో, ద పాండ్స్ అనే పేటలో మా ఆయన పినతండ్రి కూతురు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. రాత్రి ఆడవాళ్ళమంతా హాల్లో వరసగా పరుపులు వేసుకుని పడుకున్నాం. పొద్దున్నే కాఫీ గ్లాసు అందిస్తూ ఒక పెద్దావిడ, “రాత్రంతా గూడ్సు బండి నడిపావు కదమ్మా! మధ్యలో ఆగినప్పుడల్లా స్టేషనొచ్చిందేమో అనుకున్నా,” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మొహం మాత్రం వేడెక్కిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఊరు దాటి పచ్చికబయళ్ళు మొదలయ్యాక కార్లో ఆయన్ని అడిగాను.

“నేను గురక పెడతానా?”

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “పెడతావు.”

“ఎప్పట్నుంచి?”

“అమ్మాయి పుట్టకముందు నుంచే.”

“ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేంటండీ!”

“చెప్తే ఏటవుతాది? సిగ్గుపడి పడుకోవడం మానేస్తావు.” ఇంకా కొంత దూరం పోయాక, నేనేమీ అడగకుండానే అన్నారు: “గురక ఉన్నంతసేపు బాగానే ఉంటాది. అది ఆగితేనే భయం. మళ్ళీ మొదలయ్యేదాకా వింటాను. మరీ ఆలస్యమైతే భుజం కదుపుతాను.”

ఆయనది విజయనగరం. నీళ్ళ పైపుల శాఖలో ఇంజనీరు. నేల కింద పైపు ఎక్కడ చిల్లుపడి నీరు కారుతోందో పైనుంచి వినిపెట్టే పనిముట్లతో చాలా ఏళ్ళు పనిచేశారు. చెవి ఆయనకు అలవాటైన అవయవం. ఆ చెవిని రాత్రిళ్ళు నా ఊపిరికి ఆనించి పడుకునేవారని, పొద్దున్నే ఆ సగం నిద్రతోనే ఆఫీసుకు వెళ్ళేవారని నాకు ఆ దారిలో తెలిసింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే, పరీక్ష హాల్లో కాపలా కూర్చుని నిద్రపోయాను. చివరికి ఒక పిల్ల దగ్గరికొచ్చి, “మిస్, టైమ్ అయిపోయింది,” అని లేపింది. ఇక డాక్టరు దగ్గరికి వెళ్ళక తప్పలేదు. తలకూ ఛాతీకీ తీగలు అంటించి ఒక రాత్రి పరీక్ష చేశారు. మెషిన్ పెట్టుకోవాలన్నారు.

మెషిన్ ఇంటికి వచ్చిన రోజు నాకంటే ఆయనకే సంబరం. పెట్టె విప్పి మోటారు చప్పుడు విన్నారు. నన్ను పడుకోబెట్టి, మాస్కు తగిలించి, మొహానికి చెవి దగ్గర పెట్టి, “ఇదిగో, ఇక్కడ పోతోంది. ముక్కు పక్కన,” అని పట్టీ బిగించారు. గొట్టాన్ని చూసి తొండం అని పేరు పెట్టారు. పళ్ళు తోముకుని వచ్చి మంచమెక్కగానే, “తొండం తగిలించావా?” అని అడిగేవారు. నేను మాస్కు పెట్టుకునేదాన్ని. అప్పుడు మొదలయ్యేది.

ఆయన మాటలు తక్కువ మనిషి. స్నేహితుల బార్బెక్యూలో కూడా పొయ్యి దగ్గర నిలబడి మాంసం తిప్పుతూ ఉండేవారే తప్ప కబుర్లలో కూర్చునేవారు కాదు. పెళ్ళైన కొత్తలో నాకు కోపం వచ్చేది, తర్వాత అలవాటైంది. మాస్కు వచ్చాక ఒక చిత్రం జరిగింది. నోరు తెరిస్తే గాలి హోరుమని నా మాట కుండలోంచి వచ్చినట్టు ఉండేది. అందుకని మాస్కు పెట్టుకున్నాక నేను మాట్లాడను. నేను మాట్లాడనని తెలిశాక ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. లైటు ఆర్పేసి, వెల్లకిలా పడుకుని, పైకప్పుతో చెబుతున్నట్టు.

“ఏటే, వినబడుతోందా?”

నేను ఆయన చేతి మీద వేలితో తట్టేదాన్ని. వినబడుతోందని.

మొదట్లో చిన్న చిన్న విషయాలే. ఆఫీసులో ఎవరో ఏదో అన్నారని. తర్వాత్తర్వాత నాకు తెలియనివి చెప్పడం మొదలుపెట్టారు. నాకూ అమ్మాయికీ వీసా రాకముందు ఆయనొక్కరే ఈ దేశం వచ్చి ఏడాదికి పైగా ఉన్నారు. ఆ రోజుల్లో ఆదివారాలు ఏమీ తోచక బస్సెక్కి ఎయిర్‌పోర్టుకు వెళ్ళేవారట. ఎవరికోసమూ కాదు. బయటికొచ్చే తలుపుల దగ్గర, ఎదురుచూసేవాళ్ళ గుంపులో తానూ నిలబడేవారట. తలుపు తెరుచుకుంటుంది, ఎవరో ఎవర్నో చూసి పరిగెత్తుతారు. అది చూడ్డానికి.

“ఒకసారి మన మాట వినబడింది,” అన్నారు. “ముసలాయనా, ముసలావిడా. కొడుకొచ్చాడు తీసుకెళ్ళడానికి. కారు దాకా వాళ్ళ వెనకాలే నడిచాను. సామాను పట్టుకుంటానని అందామనుకున్నాను. నోరు రాలేదు. వాళ్ళ కారు వెళ్ళిపోయింది.”

ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అంతకంటే ఏం చెయ్యను?

ఇంకోసారి, నా స్కూలుకు తొందరగా వచ్చి వరండాలో నిలబడి తలుపు అద్దంలోంచి నా క్లాసు చూశానన్నారు. “త్రిభుజమేదో గీస్తున్నావు. గీసేసి రెండు చేతులూ దులుపుకున్నావు. చేతిలో ఉన్నది మార్కరు. సుద్దముక్క కాదు. గుంటూరులో చెప్పిన రోజుల అలవాటు కాబోలు. బెల్లు కొట్టేదాకా చూస్తూ ఉండిపోయాను.”

పొద్దున్నే ఆ మాట ఎత్తితే, “నేనెప్పుడన్నాను? కలగన్నావేమో,” అని పేపరు అడ్డం పెట్టుకునేవారు. పగటి మనిషి వేరు. పగటి మనిషితో నేను వంటలూ కరెంటు బిల్లులూ అమ్మాయి చదువూ మాట్లాడేదాన్ని. రెండో మనిషి కోసం మాస్కు పెట్టుకునేదాన్ని. నిజం చెప్పాలంటే కొన్ని రోజులు నిద్ర రాకపోయినా, పని ఉన్నా, తొందరగా వెళ్ళి పెట్టుకునేదాన్ని.

ఆయనకు కాలేయంలో జబ్బు బయటపడేనాటికి ఆలస్యమైపోయింది. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో పక్కన కుర్చీలో కూర్చునేదాన్ని. ఆయన మళ్ళీ పగటి మనిషే అయిపోయారు. నొప్పి ఎలా ఉందంటే పర్లేదనేవారు, తిన్నారా అంటే తిన్నాననేవారు. ఒక మధ్యాహ్నం నా మొహంకేసి చాలాసేపు చూసి, “తొండం తేలేదా?” అన్నారు. నిద్ర గురించి అడుగుతున్నారనుకుని, రాత్రికి ఇంటికెళ్ళి పడుకుంటున్నాను కదా అన్నాను. ఆయన చిన్నగా నవ్వి కళ్ళు మూసుకున్నారు. లిఫ్టులో దిగుతుంటే అర్థమైంది. మర్నాడు మాస్కు ఒక్కటే సంచీలో వేసుకుని వెళ్ళాను. గొట్టం లేదు, మెషిన్ లేదు. పట్టపగలు, నర్సులు వచ్చిపోతుంటే, కుర్చీలో కూర్చుని మొహానికి తగిలించుకున్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వితే నొప్పి వచ్చింది. ఆ తర్వాత పైకప్పు వైపు తిరిగి మాట్లాడారు. మధ్యాహ్నం భోజనం తెచ్చినావిడ తలుపు దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆయన ఏం చెప్పారో ఇక్కడ రాయను.

ఆయన పోయాక కూడా మెషిన్ పెట్టుకోక తప్పదు. మాస్కు తగిలించి, లైటు ఆర్పి పడుకుంటాను. సన్నగా మోటారు హోరు. ఆ హోరు వెనకే మాట మొదలవ్వాలి. చెవి ఎదురుచూస్తుంది. ఎదురుచూడకని చెబితే వినే అవయవం కాదు అది. ఆ హోరులోనే ఎప్పటికో నిద్రపట్టేది. అందుకే మోటారు ఆయుష్షు అయిపోయిందని తెర మీద చూసినప్పుడు, మరమ్మతు చేసేవాళ్ళెవరైనా దొరుకుతారా అని వెతికాను. దొరకలేదు. ఆ మోడలుకు విడిభాగాలు రావడం లేదన్నారు.

షాపింగ్ సెంటర్లో మందుల షాపు ఒకటుంది. వెనక గదిలో ఈ మెషిన్లు చూపించి, కొన్నాళ్ళు వాడి చూడమని ఇస్తారు. అక్కడున్నావిడ నా వయసుదే. ఎర్రజుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. పాత మెషిన్ చూసి, “ఓ, బాగా పనిచేసిందే ఇది!” అని ముసలి కుక్కను నిమిరినట్టు నిమిరింది. తర్వాత కంప్యూటర్ చూస్తూ ప్రశ్నలడిగింది. ఎలా పడుకుంటారు, వెల్లకిలానా, పక్కకా? నోరు ఎండిపోతుందా? ముక్కు దిబ్బడ ఉంటుందా?

“పక్కన పడుకునేవాళ్ళున్నారా? మెషిన్ చప్పుడు గురించి కంప్లైంట్ చేస్తారా?”

“నో కంప్లైంట్స్,” అన్నాను. అబద్ధం కాదు. నోట్లోంచి అదే వచ్చింది.

“అదృష్టవంతులు! అయితే ఇది ఆయనకు బాగా నచ్చుతుంది,” అంటూ అరలోంచి ఒక మాస్కు తీసింది. ముక్కు కింద మాత్రమే ఆనే చిన్న మెత్తటి ముక్క. నోరు కప్పదు. “ఇది పెట్టుకుని పుస్తకం చదువుకోవచ్చు, టీవీ చూడొచ్చు. కాస్త గాలి పోతుంది కానీ, మాట్లాడుకోవచ్చు కూడా. ఇద్దరూ ఉన్నవాళ్ళంతా ఇదే అడుగుతారు.”

ఆ మాస్కు అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను. మాట్లాడుకోవచ్చట. అన్నేళ్ళు వేలితో తట్టడమే నా జవాబు. ఎయిర్‌పోర్టు సంగతి చెప్పిన రోజు, ‘సామాను నేను పట్టుకుంటాను అని ఒక్క ముక్క అనేస్తే ఏం పోయేదండీ’ అని అనగలిగితే ఎలా ఉండేది? లేక నేను మాట్లాడితే ఆయన మాట్లాడేవారే కాదా? ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది.

“ఆయన లేరు,” అన్నాను. “పోయారు. రెండేళ్ళయింది. సారీ, ఇందాక...”

ఆవిడ కళ్ళజోడు తీసేసింది. “ఓ, లవ్,” అంది. ఇక్కడివాళ్ళు కూరగాయలమ్మేటప్పుడు కూడా లవ్ అనే పిలుస్తారు. అయినా ఆ పూట ఆ పిలుపుకు కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

రెండు మెషిన్లు చూపించింది. ఒకటి నా పాతదాని తర్వాతి రకం, కాస్త పెద్దది. హోరు కొద్దిగా వినబడుతుంది. రెండోది పిల్లల టిఫిన్ డబ్బా అంత ఉంది, వేసినట్టే తెలియదు. ముందు చిన్నది వాడి చూడమని, రెండు రకాల మాస్కులూ కలిపి ఇచ్చి పంపింది.

చిన్నదానితో నాకు నిద్రపట్టలేదు. గాలి వస్తోంది, చప్పుడు లేదు. గది అంతా బావిలా ఉంది. వీధిలో ఎవరి కారు తలుపో పడిన చప్పుడు, ఫ్రిజ్ వణికిన చప్పుడు, అన్నీ వినబడుతున్నాయి. వినవలసినది తప్ప. రెండు రోజులు చూసి పాతదాన్నే మళ్ళీ తగిలించుకున్నాను. షాపులో ఆవిడకు ఫోన్ చేసి, “ఇది మరీ నిశ్శబ్దంగా ఉంది,” అంటే, ఇంతవరకు ఎవరూ ఆ ఫిర్యాదు చెయ్యలేదని నవ్వింది. పెద్దది పక్కన పెట్టి ఉంచుతాను, అడిలైడ్ నుంచి వచ్చాక తీసుకెళ్ళండి అంది. చిన్నది మోయడానికి తేలికని దాన్నే ప్రయాణానికి సర్దుకున్నాను.

మాసన్ లేక్స్‌లో మా అమ్మాయిది చిన్న ఫ్లాటు. కిటికీలోంచి కొంచెం చెరువు కనబడుతుంది. మూడేళ్ళు దానితో కలిసి ఉన్న అబ్బాయి ఇక్కడివాడే, చలికాలంలో వెళ్ళిపోయాడు. “వర్క్ అవుట్ అవలేదు, అమ్మా” అని ఒక్క ముక్క చెప్పింది. నేను తవ్వలేదు. తండ్రి పోలిక, తవ్వితే ఇంకా లోపలికి పోతుంది. వాడి చెప్పులు, బట్టలు ఏవీ లేవు కానీ రెండో గదిలో ఒక చిన్న మంచం మాత్రం ఉంది. పుస్తకాలు పరిచి ఉన్నాయి దాని మీద.

నేను వెళ్ళిన మర్నాడు విపరీతమైన ఎండ. తారురోడ్డు మెత్తబడిందేమో అన్నంత. ఏసీ పడకగదిలో మాత్రమే ఉంది. గోంగూర పప్పు, పెరుగన్నం తిని, తెరలు దించుకుని ఇద్దరం ఒకే మంచం మీద పడుకున్నాం. పగలు కునుకు తీసినా మెషిన్ పెట్టుకోవాలని డాక్టరు చెప్పాడు కాబట్టి, ముక్కుకు ఆ చిన్న మాస్కు తగిలించుకున్నాను.

“దట్స్ ఇట్? ఇంతేనా? అసలు సౌండే లేదు,” అంది అమ్మాయి. రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

కాసేపటికి గురక మొదలైంది. మొదట నవ్వొచ్చింది. ముక్కు వాళ్ళ నాన్నది, గురక నాది. సన్నగా మొదలై పెద్దదైంది. ఉన్నట్టుండి తెగిపోయింది.

నేను విన్నాను. ఏసీ గాలి తప్ప ఏమీ లేదు. దాని ఛాతీ కదులుతోంది, లోపల ఏదో పెనుగులాడుతున్నట్టు కదులుతోంది, ఊపిరి మాత్రం బయటికి రావడం లేదు. నా చెయ్యి దాని భుజం మీదకు వెళ్ళింది. నేను కదిపేలోపే గట్టిగా ఒక్క ఊపిరి లాగి, మూలిగి, మళ్ళీ గురక అందుకుంది. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలోనే మళ్ళీ ఆగింది.

పాత మెషిన్ అయితే ఆ హోరులో గురక వినబడినా, మధ్యలో ఊపిరి ఆగడం నాకు తెలిసేది కాదు. మధ్యాహ్నమంతా మోచేతి మీద తల పెట్టుకుని దాని మొహమే చూస్తూ ఉండిపోయాను. గురక వచ్చినప్పుడల్లా ప్రాణం కుదుటపడుతోంది. ఆగినప్పుడల్లా నా ఊపిరీ ఆగుతోంది. ఒక్క మధ్యాహ్నానికే నా ఒళ్ళు అలిసిపోయింది. ఆయన ఇలాంటి రాత్రులు ఎన్ని గడిపి ఉంటారో! పొద్దున్నే లేచి నాకు కాఫీ కలిపిచ్చి, ‘బాగా పడుకున్నావా?’ అని అడిగేవారు. పడుకున్నానని చెప్పేదాన్ని. మీరో అని నేను అడిగినప్పుడు పడుకున్నాననే అనేవారు. ఆ క్షణంలో ఆయన ఎదురుగా ఉంటే ఏమీ అడిగేదాన్ని కాదు. ఆ రెండు కళ్ళ మీద చెయ్యి పెట్టి, ఇవాళ్టికి మీరు నిద్రపోండి, నేను చూస్తాను అనేదాన్ని. ఆ కోరిక ఎంత బలంగా వచ్చిందంటే, ఆయన్ని తల్చుకుని అంతగా ఏడ్చింది దినకార్యాలప్పుడు కూడా లేదు.

అమ్మాయి లేచేసరికి నేనలాగే చూస్తున్నాను.

“వాట్? ఏమైంది?”

“నీకు ఊపిరి ఆగుతోందే,” అన్నాను. మాస్కు తియ్యడం మరిచిపోయాను. నోరు తెరవగానే గాలంతా నోట్లోంచి బుస్సుమంది.

అది పగలబడి నవ్వింది. “అమ్మా! వాక్యూమ్ క్లీనర్ మాట్లాడినట్టుంది!”

“నవ్వకు. నిజం చెబుతున్నా. నాకున్నదే నీకూ ఉంది. చాలాసార్లు ఆగింది.”

నవ్వు ఆపేసింది. లేచి మోకాళ్ళు చుట్టుకుని కూర్చుంది. “హీ యూజ్డ్ టు సే దట్,” అంది. వెళ్ళిపోయిన అబ్బాయి గురించి. “నిద్రపట్టడం లేదన్నాడు. ఫస్ట్ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. తర్వాత ఆ రూమ్‌లోకి మూవ్ అయ్యాడు. ఐ థాట్ ఇట్ వాజ్ జస్ట్ యాన్ ఎక్స్‌క్యూజ్. గురక కోసం ఎవరైనా వెళ్ళిపోతారా? మే బీ ఇట్ వాజ్ యాన్ ఎక్స్‌క్యూజ్. ఐ డోంట్ నో. ఎవరికీ చెప్పలేదు, అమ్మా. ఇట్స్ సో ఎంబరాసింగ్.”

మాస్కు తీద్దామని చెయ్యి పైకి తీసుకెళ్ళి, తియ్యకుండా వదిలేశాను. బుస్సుమంటే అననీ అనుకున్నాను. జవాబు చెప్పడం ముఖ్యం.

“సిగ్గేముంది తల్లీ? నన్ను గూడ్సు బండి అన్నారు నలుగురిలో.”

“నాన్నకు తెలుసా? యువర్ స్నోరింగ్?”

“నువ్వు పుట్టకముందు నుంచే తెలుసు.”

“అండ్ హీ జస్ట్... పక్కనే ఉన్నారా?”

“ఉన్నారు. ఊపిరి ఆగితే భుజం కదిపేవారు. నాకు చెప్పను కూడా చెప్పలేదు.”

దాని కళ్ళు నిండాయి. “ఐ మిస్ హిమ్,” అంది. నాన్న గురించా, ఆ అబ్బాయి గురించా అని నేను అడగలేదు. ఇద్దరి గురించీ కావచ్చు. దగ్గరికి తీసుకున్నాను. గొట్టం ఇద్దరి మధ్యా అడ్డంపడింది. ఎయిర్‌పోర్టు కథ ఆ సాయంత్రమే దానికి చెప్పాను. అది ఎప్పుడూ వినలేదట. ఎలా వింటుంది? అది నాకొక్కదానికే చెప్పిన మాట. చెప్పేశాక ఒక క్షణం ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది. తర్వాత, దాని మొహం చూశాక, అలా అనిపించలేదు.

పరీక్ష చేయించుకోమంటే వారం రోజులు వాదించింది. “నాకింకా ముప్పై రెండే, అమ్మా. ఆ థింగ్ పెట్టుకుని నేను ఎవర్నైనా ఎలా డేట్ చేస్తాను?” అంది. “నువ్వు నిద్రపోతే నేనిక్కడ మేలుకుని కూర్చోవాలి. రేపు నేను వెళ్ళిపోతే ఎవరు కూర్చుంటారు?” అన్నాను. అది నొచ్చుకునే మాటే. కానీ దానికే కదిలింది. నేను బయల్దేరే ముందు రోజు ఇద్దరం వెళ్ళి, ఇంట్లోనే పెట్టుకుని పడుకునే పరీక్ష పరికరం తెచ్చుకున్నాం. తీగలు నేనే అంటించాను. కొన్నాళ్ళకు ఫలితం వచ్చింది. మెషిన్ కావాల్సిందేనన్నారు.

వెర్రిబీ తిరిగొచ్చాక షాపుకు వెళ్ళాను. ఎర్రజుట్టావిడ నా కోసం పక్కన పెట్టిన పెద్ద మెషిన్ బల్ల మీదకు తెచ్చింది. మీట వేసింది. సన్నటి హోరు. పాతదానికి దగ్గరగానే ఉంది. కళ్ళు మూసుకుని విన్నాను. తీసుకుందామని మనసు లాగింది. ఇంట్లో ఆ హోరు ఉంటే ఆయన ఇప్పుడో ఇంకాసేపటికో మాట్లాడతారన్నట్టు ఉంటుంది. మిగిలిన రాత్రులన్నీ అలా గడపవచ్చు. అది కూడా ఒక బతుకే, నాకు దాని మీద చిన్నచూపు లేదు. కానీ సెలవులకు అమ్మాయి వస్తుంది. పక్కన పడుకుంటుంది. దాని ఊపిరి నాకు వినబడాలి. అది ఏదైనా చెబితే జవాబు చెప్పాలి.

“చిన్నదే ఇవ్వండి,” అన్నాను. “ముక్కు మాస్కుతో.”

“అది మరీ నిశ్శబ్దంగా ఉందన్నారు కదా?”

“ఉంది,” అన్నాను. “అలవాటు చేసుకోవాలి.”

అలవాటు అంత సులువుగా కాలేదు. ఇప్పటికీ పూర్తిగా కాలేదు. కొన్ని రాత్రులు ఆ నిశ్శబ్దంలో ఆయన గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తాను. మాటలన్నీ గుర్తున్నాయి, గొంతు మాత్రం ఒక్కోసారి అందదు. హోరు ఉన్నప్పుడు అందేది. షాపుకెళ్ళి మార్చుకుందామా అని రెండుసార్లు కారు తాళాలు తీశాను కూడా. మళ్ళీ గోడకు తగిలించేశాను.

కొత్త మెషిన్లో ఒక విచిత్రం ఉంది. పొద్దున్నే ఫోన్‌కి మార్కులు పంపుతుంది. ఎంతసేపు పెట్టుకున్నావు, గాలి ఎంత వృథాగా పోయింది, ఊపిరి ఎన్నిసార్లు ఆగింది, అన్నీ కూడి వందకు ఇన్ని అని. జీవితమంతా పిల్లలకు మార్కులు వేసినదానికి ఇప్పుడు మెషిన్ మార్కులు వేస్తోంది. అమ్మాయి కూడా చివరికి అదే రకం కొనుక్కుంది. మొదటి వారం మాస్కు నిద్రలో పీకి పడేసి ఇరవైలూ ముప్పైలూ తెచ్చుకుంది. ఇప్పుడు రోజూ లేవగానే తన మార్కులు నాకు పంపుతుంది, నావి అడుగుతుంది. తక్కువొస్తే, “అమ్మా, వాట్ హ్యాపెండ్?” అని ఫోన్ చేస్తుంది. ఇదివరకు పది రోజులకోసారి మాట్లాడుకునేవాళ్ళం.

స్కూలు తెరిచిన వారంలో ఒక పొద్దున నాకు వందకు వంద వచ్చాయి. ఫోన్ పట్టుకుని చప్పున పక్కకు తిరిగాను, చూపిద్దామని. తిరిగాక కాసేపు అటే చూస్తూ పడుకున్నాను. కిటికీలోంచి ఎండ దిండు మీదికి వచ్చింది. తర్వాత లేచి, అమ్మాయికి పంపాను. వెంటనే తిరుగు సందేశం వచ్చింది. మామూలుగా ఇంగ్లీషే రాస్తుంది. ఆ రోజు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది, తప్పులతో: ‘బాగా నిద్ర పట్టిందా అమ్మా?’

పట్టిందని రాశాను. అది నిజమే. పక్కకు తిరిగిన సంగతి కూడా రాయబోయి, క్లాసుకు వేళవుతోందని, సాయంత్రం ఫోన్లోనే చెబుదామని ఆపి, స్నానానికి వెళ్ళాను.